పాలు పడ్తలేవు సార్



ఈ ప్రసంగానికి పేరు నేను పెట్టలేదు, మా ఓపీకి వచ్చే తల్లులు పెట్టారు. ఒళ్లో బిడ్డను సర్దుకుని, తలకు చుట్టిన గుడ్డ విప్పి, ఎర్రగా కమిలిన చెంపలు చూపించి, నేనింకా ఏమీ అడగకముందే అనే మాట అది: "వీనికి పాలు పడ్తలేవు సార్."

నేను పిల్లల వైద్యుణ్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పల్లెల నుంచి వచ్చే పసిబిడ్డలను చూస్తూ వస్తున్నాను. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో నిజం కొంత ఉంది. కానీ చాలామంది అనుకునేంత లేదు. ఆ కొంత ఎంతో ఈ పూట తేల్చుకుందాం.

ఐజ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. సీడ్ పత్తిలో పూలకు చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ పని జరిగే రోజులు. తల్లి పొద్దున్నే చేనుకు పోతుంది, బిడ్డ అవ్వ దగ్గర ఉంటాడు. అయిదు నెలలవాడు. బుగ్గలు రెండూ గీరినట్టు ఎర్రగా ఉన్నాయి, పైన సన్నటి పొట్టు. చెవి వెనక చర్మం చీలి తడి ఊరుతోంది. మోచేతుల బయటివైపు ముట్టుకుంటే గరుకు. వాడు ఏడవడం లేదు. తల్లి భుజానికి ముఖం ఆనించి అటూ ఇటూ రుద్దుకుంటున్నాడు, ఆ రుద్దుడుకు ఆమె జాకెట్ భుజం తడిసి మరకపడింది. మొలకు గుడ్డ కట్టిన చోట మాత్రం చర్మం నున్నగా, వెన్నలా ఉంది. ఆ నున్నటి చోటును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

అవ్వ చేసంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. పాలపొడి డబ్బా, పాల సీసా, సగం వాడిన ట్యూబు, నూనె సీసా. పెట్టి కథ చెప్పింది. "తల్లి పాలు సాల్తలేవని బర్రె పాలు పట్టినం. పొక్కులొచ్చినయ్. ఆవు పాలు పెట్టినం. తగ్గినట్టే తగ్గి మల్ల లేసినయ్. మేకపాలు సల్వ అన్నరు, పది దినాలు అవి. ఇప్పుడు డబ్బా. నువ్వు ఏ పాలు రాసిస్తవ్ సార్?"

అయిదు నెలల జీవితంలో ఆ బిడ్డ అయిదు రకాల పాలు తాగాడు. చర్మం మాత్రం ఉన్నచోటే ఉంది.

ముందు జబ్బు పేరు సంగతి. ఎగ్జిమాకు మన దగ్గర సొంత పేరంటూ స్థిరపడలేదు. ఒకరు తామర అంటారు, ఒకరు గజ్జి అంటారు. తామర బూజు వల్ల వస్తుంది, అంచు తేలి గుండ్రంగా పాకుతుంది. గజ్జి పురుగు వల్ల వస్తుంది, రాత్రి పూట దురద ఎక్కువ, ఇంట్లో ఇంకొకరిద్దరు కూడా గోక్కుంటూ ఉంటారు, పసివాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా పొక్కులు లేస్తాయి. ఎగ్జిమాలో పురుగూ లేదు, బూజూ లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. పేరు తప్పు పెట్టుకుంటే మందుల షాపులో దొరికే మందూ తప్పుదే దొరుకుతుంది.

మరి ఎగ్జిమాలో ఏముంది? చర్మాన్ని ఇటుకల గోడ అనుకోండి. పైపొర కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. లోపలి తడి బయటికి పోకుండా, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి రాకుండా ఆ గోడ కాపలా. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ గోడ వదులు. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఆ గోడను గట్టిపరుస్తుంది, అది తయారుచేసే జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం బయటపెట్టింది. ఎగ్జిమా ఉన్నవాళ్లందరికీ ఆ లోపం ఉండదు. కానీ అప్పటి నుంచి వైద్యుల చూపు కడుపు మీది నుంచి చర్మం మీదికి మళ్లింది. గోడలోంచి తడి పోతుంది, చర్మం ఎండుతుంది, దురద పుడుతుంది, గోకితే గోడ ఇంకా చిల్లులు పడుతుంది. ఇందాకటి నున్నటి చోటు ఇక్కడ అర్థమవుతుంది. గుడ్డ కింద ఎప్పుడూ తేమ ఉంటుంది, బిడ్డ చేతికి అందదు, అందుకే అక్కడ చర్మం బాగుంది. పాలే కారణమైతే మొల దగ్గర మాత్రం ఎందుకు వదిలిపెడతాయి?

అయినా నింద పాల మీదికే ఎందుకు పోతుంది? అవ్వది తప్పు కాదు. ఆమె కళ్లతో చూసిందే చెబుతోంది. ఎగ్జిమా ఎక్కువమంది పిల్లలకు మొదటి ఏడాదిలోనే, చాలాసార్లు మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య, బుగ్గల మీద మొదలవుతుంది. తల్లి పనికి పోయి పోతపాలు మొదలుపెట్టే కాలమూ సరిగ్గా అదే. రెండూ ఒకే వారంలో జరిగితే ఒకటి రెండోదానికి కారణమని ఎవరికైనా అనిపిస్తుంది. పైగా ఈ జబ్బు స్వభావం ఎక్కడం, దిగడం. బాగా ఎక్కినప్పుడే మనం భయపడి పాలు మారుస్తాం. ఎక్కింది ఎలాగూ కొన్నాళ్లకు దిగుతుంది, ఆ పేరు కొత్త పాలకు వస్తుంది. మళ్లీ ఎక్కగానే ఆ పాలూ పడలేదంటాం. ఇలా ఇంట్లో నాలుగు రకాల పాలకు నాలుగు నిందలు తగులుతాయి.

లోకంలో ఈ ప్రశ్నను పట్టుకుని లెక్కతో చూసినవాళ్లున్నారు. ఎగ్జిమా వచ్చిన తర్వాత తిండి నుంచి ఏదో ఒకటి తీసేస్తే తగ్గుతుందా అని జరిగిన 9 పరీక్షలను, అందులోని 421 మందిని కలిపి కోక్రేన్ సంస్థ 2008లో సమీక్షించింది. ఎంచుకోకుండా అందరికీ పాలు, గుడ్లు మాన్పిస్తే లాభం ఉందనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. గుడ్డు పడదని పరీక్షలో తేలిన పసివాళ్లకు గుడ్డు మాన్పిస్తే మాత్రం కొంత మేలు కనబడింది. మొత్తం కిటుకు ఆ మాటలో ఉంది: అందరికీ కాదు, పడదని తేలినవాళ్లకు.

ఇక పాలు నిజంగా పడని బిడ్డల మాట. ఉన్నారు. పాలలోని ప్రోటీన్ మీద, అంటే కేసీన్ మీదో బీటా లాక్టోగ్లోబ్యులిన్ మీదో, వాళ్ల శరీరం తిరగబడుతుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఇలాంటి పసివాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు, గట్టిగా పరీక్షించి నిర్ధారించిన చోట ఒక్కరి కంటే తక్కువే తేలిన సందర్భమూ ఉంది. వీళ్ల తీరు వేరు. కొందరిలో పాలు తాగిన నిమిషాల్లోనే, మహా అయితే రెండు గంటల్లో, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి, వాంతి అవుతుంది, పిల్లికూతలు వస్తాయి. మరి కొందరిలో గంటలకో, ఒకటి రెండు రోజులకో తెలుస్తుంది. మలంలో నెత్తురు చారలు, జిగురు, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం, వాటితో పాటు ఎంత మందు రాసినా లొంగని ఎగ్జిమా. ఈ గుర్తులుంటే పాలను అనుమానించాల్సిందే. బుగ్గల మీద పొట్టు, గరుకు మాత్రమే ఉండి, బిడ్డ చక్కగా తాగుతూ, నవ్వుతూ, బరువు పెరుగుతుంటే, పాలను వదిలేసి చర్మాన్ని చూసుకోండి.

అనుమానం వచ్చినప్పుడు తేల్చుకునే పద్ధతి ఉంది, పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ముందు చర్మానికి సరైన మందు సరిగ్గా రాసి చూడాలి. అప్పటికీ లొంగకపోతే డాక్టరు చెప్పిన ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలు పాల ప్రోటీన్ పూర్తిగా ఆపాలి. తగ్గిందా, సంతోషం. కానీ అక్కడితో అయిపోలేదు. మళ్లీ పాలు పట్టి చూడాలి. మళ్లీ ఎక్కితేనే పాలు దోషి. ఈ రెండో సగం మన దగ్గర దాదాపు ఎవరూ చేయరు. "తగ్గింది కదా సార్, మల్ల ఎందుకు గెలుకుడు" అంటారు. గెలకాలి. లేకపోతే పడే పాలు పడవని జీవితమంతా ముద్ర పడిపోతుంది. ఒక్క జాగ్రత్త: తాగిన వెంటనే దద్దుర్లు, ఉబ్బు వచ్చిన బిడ్డకు ఈ మళ్లీ పట్టే పని ఇంట్లో చేయకూడదు, ఆసుపత్రిలోనే చేయాలి.

రక్తం తీసి నలభై యాభై పదార్థాలకు ఒకేసారి చేసే ఎలర్జీ ప్యానెల్ అని ఒకటుంది. ఎగ్జిమా పిల్లల్లో అది చాలా వాటికి పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ రావడం వేరు, తింటే పడకపోవడం వేరు. ఆ కాగితం పట్టుకుని బియ్యం, కందిపప్పు, టమాటా అన్నీ మాన్పించి బిడ్డను ఎండగట్టిన ఇళ్లను చూశాను. ఆ డబ్బుతో కొన్ని నెలలకు సరిపడా మాయిశ్చరైజర్ వస్తుంది.

ఇప్పుడు అవ్వ మార్చిన పాల జాబితాకు వద్దాం. ఆవు పాలు పడని బిడ్డకు బర్రె పాలు పడవు, మేక పాలు కూడా నూటికి తొంభై మందికి పైగా పడవు. వాటి ప్రోటీన్లు అంత దగ్గరి చుట్టాలు. చిన్నమ్మ కోపం పెద్దమ్మ ఇంటికి పోతే తగ్గదు కదా. సోయా పొడి ఆరు నెలల లోపు బిడ్డకు మొదటి ఎంపిక కాదు. లాక్టోజ్ లేని పొడి అని అమ్మేది ఇక్కడ అసలు సంబంధం లేనిది, లాక్టోజ్ చక్కెర, ఎలర్జీ ప్రోటీన్‌తో.

మేకపాల దగ్గర కొంచెం ఆగాలి. గొర్లు మేకలు మన పాలమూరు ఊళ్లలో ఇంటి సొమ్ములాంటివి, పెబ్బేరు సంత అంటే తెలియనివారు లేరు. కాబట్టి సలహా సులభంగా వస్తుంది, పాలు సులభంగా దొరుకుతాయి. సల్వ చేస్తాయనే నమ్మకం ఎలాగూ ఉంది. కానీ మేకపాలలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ చాలా తక్కువ. అవే ప్రధాన ఆహారంగా నెలల తరబడి పెరిగిన పసివాళ్లకు ఒక రకమైన రక్తహీనత వస్తుందని ఐరోపా వైద్యులు వందేళ్ల కిందటే గమనించి, దానికి మేకపాల రక్తహీనత అనే పేరే పెట్టారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు ఎవరనుకున్నారు? భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన చేసిన పని అది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందుల మీద కూడా ఆయన బృందం పనిచేసింది, అందులోంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ మొండికేసిన ఎగ్జిమాలో చర్మవైద్యులు వాడుతున్నారు. మేకపాల లోటు తీర్చే మందు, మొండి ఎగ్జిమాను లొంగదీసే మందు, రెండూ ఒక తెలుగువాడి బల్ల మీది నుంచే వచ్చాయి. మన పిల్లల పుస్తకాల్లో ఆయనకు ఇంకొంచెం చోటు ఇవ్వొచ్చుననిపిస్తుంది. సరే, మళ్లీ పాలకు వద్దాం.

డబ్బా పాలు. అవ్వ బల్ల మీద పెట్టిన డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. మీ ఇంట్లో ఉంటే మీరూ చూడండి. దాని మీద ముద్దులొలికే పాప బొమ్మ ఉండదు, తల్లి బొమ్మ ఉండదు. ఉండకూడదని 1992లో పార్లమెంటు చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికి, సీసాకు ప్రకటన ఇవ్వడం నేరం. రేడియోలో మీరు వినే ప్రకటనల్లో పాలపొడి ఎందుకు ఉండదో ఇప్పుడు తెలిసింది కదా. నమూనా డబ్బాలు పంచడమూ నేరమే. చట్టం ఇంత కాపలా కాసినా చుట్టాల నోటి మాటకు కాపలా లేదు.

పాల ఎలర్జీ నిజంగా తేలిన, తల్లిపాలు దొరకని బిడ్డకు వేరే పొడి ఉంది. అందులో పాల ప్రోటీన్‌ను చిన్నచిన్న ముక్కలుగా, ఇంకా పై రకంలో అమైనో ఆమ్లాల దాకా, విడగొట్టి ఉంచుతారు. అది మందులాంటిది, డాక్టరు రాస్తేనే వాడాలి, ధర మామూలు పొడికి ఎన్నో రెట్లు. మామూలు పొడి లెక్క చూసినా గుండె గుభేలుమంటుంది. నాలుగైదు నెలల బిడ్డ పూర్తిగా పొడి మీదే ఉంటే రోజుకు 120 గ్రాముల దాకా పడుతుంది. 400 గ్రాముల డబ్బా మూడు రోజులు. నెలకు తొమ్మిది పది డబ్బాలు. కూలి ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నాలుగు గరిటెలు వేయాల్సిన చోట రెండు వేస్తారు. పాలు తెల్లగానే ఉంటాయి, బిడ్డ ఎండిపోతాడు. పుణెకో బెంగళూరుకో పనికి పోయి రేకుల షెడ్డులో ఉన్న పాలమూరు తల్లికి సీసా మరగబెట్టే వీలుంటుందా? చర్మం కోసం మార్చిన పాలు విరేచనాలు తెచ్చిపెడతాయి.

ఎగ్జిమా రాకుండానే ఆపుతుందని ప్రచారమైన మరో రకం పొడి ఉంది, ప్రోటీన్‌ను కొంతవరకే విరగ్గొట్టింది. ఇలా ప్రోటీన్‌ను విరగ్గొట్టిన పొడుల మీద వచ్చిన 37 పరీక్షలను, 19 వేల మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూసి, రక్షణ ఇస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పరిశోధకులు తేల్చారు.

తల్లిపాలు తాగే బిడ్డకు ఎగ్జిమా వస్తే నింద ఇంకో దారి పడుతుంది. అది నేరుగా తల్లి కంచంలోకి వస్తుంది. బాలింత పథ్యం ఎలాగూ ఉంటుంది మనకు. దాని మీద ఇంకొకటి చేరుతుంది: గుడ్డు వద్దు, పాలు వద్దు, పల్లీలు వద్దు, వంకాయ వద్దు. చివరికి మిరియాల చారు, అన్నం మిగులుతాయి. తల్లి తాగిన పాల ప్రోటీన్ ఆమె చనుబాలలోకి రావడం నిజమే. ఎంత? నానోగ్రాముల్లో. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అంత కొంచెం ప్రోటీన్‌కు తిరగబడే బిడ్డలు బహు అరుదు. మరోవైపు తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీలో గర్భిణికీ బాలింతకూ రోజూ ఒక పూట భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. సర్కారు పెట్టే గుడ్డూ పాలూ ఇంట్లో ఆపేస్తే ఎవరికి లాభం? మలంలో నెత్తురు లాంటి గుర్తులుండి డాక్టరు ఆపమంటే ఆపండి, అదీ రెండు నాలుగు వారాలకే. ఆ రోజుల్లో కాల్షియం మాత్ర వేసుకోవాలి, రాగులు, అదే మనం తైదలంటాం, అంబలి కాచుకోవాలి. బిడ్డ బుగ్గ ఎర్రబడిందని చనుపాలు మాన్పించమని ఎవరు చెప్పినా వినకండి. నేను చెప్పినా వినకండి.

ఊరికే ఆపితే పోయేదేముంది అనుకునేవాళ్లకు ఒక కబురు. ఊరికే ఆపితే పోయేది ఉంది. లండన్‌లో గిడియాన్ లాక్ అనే పిల్లల ఎలర్జీ వైద్యుడు, తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను రెండు జట్లు చేశాడు. ఒక జట్టుకు అయిదేళ్లు వచ్చేదాకా పల్లీ ముట్టనివ్వలేదు, రెండో జట్టుకు చిన్నప్పటి నుంచే తినిపించాడు. 2015లో ఫలితం వచ్చింది. మానినవాళ్లలో నూటికి 17 మందికి పల్లీ ఎలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో ముగ్గురికే. అంతవరకు డాక్టర్లే, నాలాంటి వాళ్లే, పల్లీలు దాచిపెట్టమని చెప్పేవాళ్లం. ఇందులో ఇంకో మెలిక ఉంది. తిండి నోటి ద్వారా పోతే శరీరం చుట్టంగా చూస్తుంది. చిల్లులు పడిన చర్మం ద్వారా పోతే దొంగగా చూస్తుంది. పల్లీ నూనె ఉన్న లేపనాలు పగిలిన చర్మానికి రాసిన పిల్లల్లో పల్లీ ఎలర్జీ ఎక్కువగా కనబడిందని 2003లోనే ఆయన చూపించాడు. రాష్ట్రంలో పల్లీ ఎక్కువ పండేది మన మూడు జిల్లాల్లోనే. గానుగ పట్టించిన నూనె ఇంట్లో ఉంటుంది, బిడ్డకు మర్దనా అదే. అవ్వ బల్ల మీద పెట్టిన నూనె సీసా అదే. దాన్ని కూరలో వేయండి, పగిలిన చర్మం మీద వద్దు. ఆరు నెలలు నిండాక పల్లీని మెత్తటి ముద్దగా తినిపించండి, గింజగా పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. ఎగ్జిమా బాగా తీవ్రంగా ఉన్న బిడ్డకైతే మొదటిసారి పెట్టేముందు డాక్టరుతో ఒక మాట అనండి.

ఇక స్నానం. మన అవ్వల చేతి స్నానం నేను ఎరుగుదును, నేనూ అలా పెరిగినవాణ్నే. కాళ్లు బారచాపి, కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, పొగలు కక్కే నీళ్లు చెంబులతో గుమ్మరించి, చివర సాంబ్రాణి పొగ. మామూలు బిడ్డ ఆ తర్వాత మూడు గంటలు నిద్రపోతాడు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాత్రం ఇందులో ప్రతి మెట్టూ దెబ్బే. పిండి గీరుతుంది, వేడినీళ్లు ఉన్న కొవ్వును కడిగేస్తాయి, పొగ దురద పెంచుతుంది. ఈ బిడ్డకు గోరువెచ్చని నీళ్లు, అయిదు పది నిమిషాలు, సబ్బు అవసరమైన చోట కొంచెం. గుడ్డతో రుద్దకుండా అద్దాలి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లో, పూత పూయాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని బెంగపడే వాళ్లకు: ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి చూశారు, 2011లో తేలింది లాభం లేదనే.

ఏ పూత? వాసన, రంగు లేని ఏదైనా మాయిశ్చరైజర్. లేదంటే తెల్లటి వ్యాజలీన్, మందుల షాపులో దొరికే చవక రకమైనా చాలు. మంచి కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. ఆలివ్ నూనె, ఆవనూనె చర్మం గోడను దెబ్బతీస్తాయి, వద్దు. అసలు తప్పు రకంలో కాదు, కొలతలో జరుగుతుంది. బొట్టు పెట్టినట్టు రాస్తారు. పసిబిడ్డకైనా వారానికి 100 గ్రాముల దాకా అయిపోవాలి. వంద గ్రాముల డబ్బా నెల రోజులు వచ్చిందంటే మీరు రాయలేదని నాకు తెలిసిపోతుంది. ఇంకో నిజమూ చెప్పాలి: జబ్బు లేని బిడ్డకు ముందు నుంచే పూత పూస్తే ఎగ్జిమా రాకుండా ఆగదు, 2020లో పెద్ద పరీక్షలో అదీ తేలింది. వచ్చినవాళ్లకు మాత్రం ఇదే మొదటి మందు.

అవ్వ సంచిలో ఇంకొకటి మిగిలింది, ట్యూబు. మందుల షాపులో 'దురద తామర ట్యూబు' అని అడిగితే ఇచ్చేది. అందులో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి, ఒకటి చాలా ఘాటైన స్టెరాయిడ్. రాసిన రెండో రోజుకే బుగ్గలు తేలిపోతాయి. ఇంటిల్లిపాదీ దండం పెడతారు. నెలల తరబడి రాస్తే పసి చర్మం పల్చబడి నెత్తురు గీతలు కనబడతాయి. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ లేపనాలు అమ్మకూడదని కేంద్రం 2018లో నియమాలు బిగించింది. అయినా దొరుకుతాయి. దీనికి భయపడి అసలు స్టెరాయిడే వద్దనేవాళ్లు రెండో రకం. అదీ తప్పే. పసిబిడ్డ ముఖానికి పనికొచ్చే తేలికపాటి స్టెరాయిడ్ ఉంది, ఎర్రబడిన చోట, కొన్ని రోజులు, డాక్టరు చెప్పిన కొలతలో రాస్తే మేలే చేస్తుంది. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండిన మందు రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. పూత రోజూ, ఎర్రబడినప్పుడు మాత్రం మందు. అంతే.

బట్టల సంగతి గద్వాల వాళ్లకు నేను నేర్పేదేముంది? మీ చీరకు ఒళ్లంతా నూలు, పట్టు అంచుకూ కొంగుకే. బిడ్డకూ అంతే. ఒంటికి తగిలేది పలచబడిన పాత నూలు చీర, జరీ గౌను పెళ్లిలో ఫొటోకు రెండు నిమిషాలు.

ఒక్క హెచ్చరిక. బిడ్డకు జ్వరం వచ్చి ఎగ్జిమా ఉన్నచోట గుంపుగా నీటి పొక్కులు లేచినా, పసుపుపచ్చ పక్కులు కట్టి చీము కారినా, పాలు తాగాక పెదవులు ఉబ్బి ఊపిరి కష్టమైనా, తెల్లారేదాకా ఆగకండి. 108కు ఫోన్ చేయండి.

ఇదివరకు చర్మ వైద్యుడంటే మహబూబ్‌నగర్ బస్సో, కర్నూలు బస్సో, హైదరాబాద్ బస్సో ఎక్కాలి. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022 నవంబరులో మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. పాల డబ్బా కొనే డబ్బుతో ముందు అక్కడి ఓపీకి రండి. వచ్చేటప్పుడు ఇంట్లో బిడ్డకు రాసిన ట్యూబులు, పట్టిన పాలు, పూసిన నూనె అన్నీ ఆ అవ్వ లాగే సంచిలో వేసుకుని తీసుకురండి. మాకు సగం పని అక్కడే అయిపోతుంది.

ఐజ బిడ్డకు ఏ పాలు రాసిచ్చానో చెప్పలేదు కదూ. తల్లి పాలే రాశాను. చేనుకు పోయేముందు ఒకసారి, రాగానే ఒకసారి, రాత్రి అడిగినన్నిసార్లు, మధ్యాహ్నానికి గిన్నెలో పిండి పెట్టి చెంచాతో పట్టమని. రెండో చీటీ మీద వ్యాజలీన్, ఏడు రోజులకు తేలికపాటి లేపనం. "పాలు రాయవా సార్?" అని అవ్వ రెండుసార్లు అడిగింది. మూడు వారాలకు వచ్చినప్పుడు పిల్లవాడు ఆమె చంకలో ఉన్నాడు, ఆమె భుజం మీద మరక లేదు.